కణత్వచం కనిపించదు, దాని పని కనిపిస్తుంది: బీట్‌రూట్‌తో, రియో ఆకుతో చేసి చూసే పద్ధతి

మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెడితే ఇటుకలు పేర్చినట్టు గడులు కనిపిస్తాయి. ఆ గడి చుట్టూ ఉన్న గీతకు బాణం గుర్తు వేసి ‘కణత్వచం’ అని రాసిన రికార్డులు కోకొల్లలు. ఆ గీత కణకవచం, అంటే కణం గోడ. త్వచం అనే పల్చటి పొర దానికి లోపల అతుక్కుని ఉంటుంది, మందం 7–8 నానోమీటర్లు. కాలేజీ ల్యాబులో ఉండే కాంతి మైక్రోస్కోపు ఎంత మంచిదైనా సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. అంటే త్వచం దాని శక్తికి పాతిక రెట్లు చిన్నది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మాత్రం రైలు పట్టాల్లా రెండు నల్లగీతలు, మధ్యలో లేత చార కనిపిస్తాయి.

కాబట్టి మనం చూడగలిగింది త్వచాన్ని కాదు, అది దేన్ని ఆపుతోందో, దేన్ని వదులుతోందో. అందుకు రెండు కావాలి: సహజంగా రంగున్న కణాలు, బతికున్న కణాల పక్కనే పోల్చడానికి చంపిన కణాలు. రెండోది చాలామంది పెట్టరు. అది లేకపోతే రంగు ఎందుకు ఆగిందో, ఎందుకు కారిందో చెప్పడానికి ఆధారమే ఉండదు.

మొదలుపెట్టే ముందు నిర్మాణం గురించి ఇంత తెలిస్తే చాలు

త్వచంలో ప్రధానంగా ఉండేవి ఫాస్ఫోలిపిడ్లు, ప్రోటీన్లు. ఫాస్ఫోలిపిడ్ అణువుకు ఒక తల, రెండు తోకలు. తలలో ఫాస్ఫేట్ ఉంటుంది, దానికి నీళ్లంటే ఇష్టం. తోకలు కొవ్వు ఆమ్లాలవి, వాటికి నీళ్లు పడవు. నీళ్లలో పడగానే ఇవి తమంతట తామే రెండు వరసలుగా సర్దుకుంటాయి: తలలు నీళ్ల వైపు, తోకలు మధ్యలో ఒకదానికొకటి ఎదురుగా. ఈ కొవ్వు మధ్యభాగమే అసలు అడ్డుకట్ట. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి చిన్న, ఆవేశం లేని అణువులు దాన్లోంచి జారిపోతాయి. సోడియం, పొటాషియం అయాన్లు, చక్కెరలు పోలేవు. వాటికి ప్రోటీన్ల దారి ఉండాలి. నీరు కొంతవరకు నేరుగానే పోతుంది, వేగంగా పోవాల్సిన చోట ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ గొట్టాల్లోంచి పోతుంది. ఆ గొట్టాల్ని కనిపెట్టినందుకే పీటర్ అగ్రేకి 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

రెండు వరసల సంగతి 1925లో గోర్టర్, గ్రెండల్ తేల్చారు. ఎర్ర రక్తకణాల్లోని కొవ్వును అసిటోన్‌తో బయటికి తీసి నీటి మీద ఒకే వరసగా పరిచారు. ఆ వైశాల్యం కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. సరదా ఏమిటంటే, అసిటోన్‌తో కొవ్వు పూర్తిగా రాలేదు. కణం వైశాల్యాన్ని కూడా వాళ్లు తక్కువగానే లెక్కేశారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు ఒప్పైంది. ఆ రెండు వరసల్లో ప్రోటీన్లు పొదిగి, తేలుతూ ఉంటాయన్న ద్రవ మొజాయిక్ నమూనాను సింగర్, నికల్సన్ 1972లో ఇచ్చారు. మనిషి ఎర్ర రక్తకణం త్వచంలో ప్రోటీన్లు సుమారు 52 శాతం, లిపిడ్లు 40 శాతం.

త్వచాన్ని సబ్బు బుడగతో పోల్చి చెప్పడం మామూలే. పల్చదనం వరకు ఆ పోలిక సరే, అమరికకు మాత్రం తలకిందులు. బుడగ గోడలో నీళ్లు మధ్యన ఉంటాయి, తలలు లోపలికి, తోకలు గాలి వైపు. ఈ బొమ్మ మనసులో పడిన విద్యార్థి త్వచాన్ని తిరగేసి గీస్తాడు.

బీట్‌రూట్: ఎప్పుడు కారుతుంది, ఎందుకు కారుతుంది

బీట్‌రూట్‌లో ఎరుపుకు కారణం బెటానిన్. అది కణం మధ్యనున్న రిక్తికలో, అంటే ద్రవం నిండిన సంచిలో ఉంటుంది. బయటికి రావాలంటే రెండు త్వచాలు దాటాలి: ముందు రిక్తిక చుట్టూ ఉన్న టోనోప్లాస్ట్, తర్వాత కణత్వచం. అణువు పెద్దది (అణుభారం సుమారు 550), పైగా ఆవేశమున్న గుంపులు, ఒక చక్కెర దానికి అంటుకుని ఉంటాయి. కొవ్వు మధ్యభాగంలోంచి అది పోలేదు. నీళ్లు ఎర్రబడ్డాయంటే రెండు త్వచాలూ పాడయ్యాయన్నమాట.

కావలసినవి: గట్టిగా ఉన్న తాజా బీట్‌రూట్ ఒకటి, 5–6 మిల్లీమీటర్ల కార్క్ బోరర్ (గుండ్రటి స్తంభాలుగా కోసే లోహపు గొట్టం), బ్లేడు, 7 టెస్ట్ ట్యూబులు, 10 మి.లీ. కొలజాడీ, 110 డిగ్రీల ల్యాబు థర్మామీటరు, డిస్టిల్డ్ వాటర్, పెద్ద బీకరులో వేడినీళ్లు, వాచీ. ఇంట్లో చేసేవాళ్లు జ్వరం చూసే థర్మామీటరు వేడినీళ్లలో పెట్టొద్దు. అది 42 డిగ్రీల వరకే. పగిలితే పాదరసం బయటపడుతుంది. కార్క్ బోరర్ లేకపోతే స్కేలు పెట్టి అర సెంటీమీటరు మందం, 2 సెంటీమీటర్ల పొడవున్న పుల్లలుగా కోయండి.

ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండటం ఇక్కడ చాలా ముఖ్యం. రంగు కారేది ఉపరితలం నుంచి. 1 సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 8 చిన్న ఘనాలుగా కోస్తే 12 అవుతుంది. బరువు మారలేదు, కారే ద్వారం రెట్టింపైంది. ‘ఒక్కో ట్యూబులో ఒక్కో గ్రాము వేశాం కదా’ అంటే సరిపోదు.

తొక్క తీసి, మధ్యభాగం నుంచి 7 స్తంభాలు తీయండి. రెండు చివర్లూ కోసి 2 సెంటీమీటర్లకు తెండి. ఇక కడగడం. కత్తి తగిలిన ప్రతి కణం తెగింది, దాని రంగు అప్పటికే బయట ఉంది. ఆ రంగు పూర్తిగా పోకపోతే మీరు కొలిచేది త్వచాన్ని కాదు, కత్తిని. ముక్కల్ని పంపు కింద కడిగి, గిన్నెలో నీళ్లు పోసి 5 నిమిషాలు ఉంచి పారబోయండి. ఇలా మూడు నాలుగుసార్లు. గిన్నెను తెల్లకాగితం మీద పెట్టి చూస్తే చివరి నీళ్లలో గులాబీ ఛాయ కూడా ఉండకూడదు. తర్వాత టిష్యూ కాగితం మీద మెల్లగా దొర్లించి తడి తీయండి. నొక్కొద్దు, నొక్కితే మళ్లీ కణాలు చితుకుతాయి. రికార్డులో తప్పు అంకెలు రావడానికి సగం కారణం ఈ ఒక్క దశే.

ట్యూబులకు 30, 40, 50, 60, 70, 80 అని గుర్తు పెట్టి, ఒక్కోదాంట్లో గది ఉష్ణోగ్రతలో ఉన్న డిస్టిల్డ్ వాటర్ 10 మి.లీ. పోయండి. ఏడో ట్యూబుకు ‘వేడి లేదు’ అని రాయండి. బతికున్న కణాల పోలిక ఇది. 80 డిగ్రీల ముక్క చంపిన కణాల పోలిక. ఎండాకాలం మన ల్యాబుల్లో గది ఉష్ణోగ్రతే 35 దాటుతుంది. అప్పుడు 30 డిగ్రీల ట్యూబుకు అర్థం ఉండదు, దాన్ని వదిలేసి 40 నుంచి మొదలుపెట్టండి. గది ఉష్ణోగ్రత ఎంతో మాత్రం రికార్డులో రాయండి.

స్టవ్ మీద నీటిని ఒక్కో మెట్టూ పెంచుతూ పోవడం కన్నా పైనుంచి కిందికి దిగడం తేలిక. నీళ్లు 82 వరకు కాచి స్టవ్ ఆపేయండి. 80కి దిగగానే మొదటి ముక్కను సరిగ్గా 1 నిమిషం ముంచి, తీసి, 80 ట్యూబులో వేయండి. 70కి దిగినప్పుడు రెండోది. అలా 30 దాకా. చల్లారడం మందగిస్తే కొంచెం చన్నీళ్లు కలిపి తిప్పి, థర్మామీటరు చూసుకుని ముంచండి. అయితే వేడినీళ్లే ఎర్రబడితే వాటిని మార్చండి, లేకపోతే ముందు ముక్క రంగు తర్వాతి ముక్కకు అంటుతుంది. ముక్కను ఫోర్సెప్స్‌తో గిల్లినట్టు పట్టుకోవద్దు. సూదికి గుచ్చితే గుచ్చిన చోట కణాలు పోతాయి. టీ వడపోసే గరిటెలో వేసి ముంచడం అన్నిటికన్నా మేలు.

ప్రతి ముక్కా ట్యూబులో 20 నిమిషాలు ఉండాలి. ముక్కలు వేర్వేరు సమయాల్లో పడతాయి కాబట్టి ఒక్కోదానికి టైము విడిగా రాసుకోండి. సమయం కాగానే ట్యూబును ఒకసారి మెల్లగా తిప్పి ముక్కను తీసేయండి. ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే కలొరిమీటరు ఉంటే దానికి ఆకుపచ్చ ఫిల్టరు పెట్టండి, ఎందుకంటే ఎర్ర ద్రావణం పీల్చుకునేది ఆకుపచ్చ కాంతిని. బెటానిన్ గరిష్ఠంగా పీల్చుకునేది 535 నానోమీటర్ల దగ్గర. ఎర్ర ఫిల్టరు పెట్టి ‘రీడింగు రావడం లేదు’ అనుకోవడం మామూలు పొరపాటు. కలొరిమీటరు లేకపోతే ట్యూబులన్నీ తెల్లకాగితం ముందు వరసగా నిలబెట్టి ఒకే ఫోటో తీయండి. విడివిడిగా తీస్తే ఫోను ఒక్కో ఫోటోకు వెలుగు మార్చేస్తుంది, పోలిక పోతుంది.

40 వరకు నీళ్లు దాదాపు తెల్లగానే ఉంటాయి. 50 దగ్గర లేత గులాబీ మొదలవుతుంది. 50కి, 60కి మధ్య ఒక్కసారిగా పెరుగుతుంది. గ్రాఫు గీస్తే వచ్చేది తిన్నని గీత కాదు, కొంతదూరం బల్లపరుపుగా పోయి ఉన్నట్టుండి లేచే వంపు. ఈ ఆకారమే ప్రయోగం మొత్తంలో విలువైన సంగతి. వేడికి అణువుల వేగం పెరగడం మాత్రమే కారణమైతే రంగు మెట్టుమెట్టుగా పెరగాలి. ఒక్కసారిగా లేచిందంటే అడ్డుకట్టే తెగింది: ప్రోటీన్ల ఆకారం చెడిపోయింది, లిపిడ్ల అమరిక వదులైంది. 80 దగ్గర ఒక్కోసారి రంగు 70 కన్నా కాస్త తక్కువగా, గోధుమ ఛాయలో కనిపిస్తుంది. త్వచం మళ్లీ బాగుపడలేదు. బెటానిన్ వేడికి తానే చెడిపోతుంది. ముక్కను 1 నిమిషం కన్నా ఎక్కువ ముంచితే ఈ చిక్కు పెరుగుతుంది.

ఇదే ముక్కలతో వేడి బదులు స్పిరిట్ పెట్టొచ్చు. 95 శాతం ఇథనాల్ నుంచి 30 శాతం ద్రావణం 10 మి.లీ. కావాలంటే 3.2 మి.లీ. ఇథనాల్ తీసుకుని నీళ్లతో 10 మి.లీ.కి తేవాలి. 10 శాతానికి 1.05, 50 శాతానికి 5.3. ఇథనాల్ లిపిడ్ల వరసల్ని చెదరగొడుతుంది కాబట్టి ఇక్కడ కారడానికి కారణం వేరు. దగ్గర్లో మంట ఉండకూడదు. అసిటోన్ వాడేవాళ్లు పల్చటి ప్లాస్టిక్ కప్పుల్లో పోయొద్దు, కొన్ని రకాలు కరిగిపోతాయి. గిన్నెలు తోమే లిక్విడ్ 10 మి.లీ. నీళ్లకు రెండు చుక్కలు చాలు. బట్టల సోడా, క్షారం ఎక్కువున్న సబ్బు వాడితే బెటానిన్ రంగే పసుపు వైపు మారుతుంది, కలొరిమీటరు అంకెలు తప్పుతాయి. ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టి కరిగించిన ముక్క అయితే ఏమీ కలపకుండానే ధారగా కారుతుంది. మంచు పలుకులు త్వచాల్ని చీల్చేస్తాయి కదా. ఫ్రీజర్‌లో పెట్టిన టమాటా కరిగాక మెత్తబడి నీళ్లు కారడమూ అదే.

రియో ఆకు: త్వచం గోడను వదిలి రావడం

తోట కుండీల్లో పెంచే రియో మొక్క ఆకు పైన ఆకుపచ్చ, అడుగున ఊదా. చక్కెర ద్రావణంలో కణం లోపలి ముద్ద ముడుచుకుని త్వచం గోడను వదలడం చూడాలంటే ఆ ఊదా కణాలు ఈ పనికే పుట్టినట్టుంటాయి. దొరక్కపోతే ఎర్ర ఉల్లిగడ్డ రేకు వెలుపలి ఊదా పొర వాడొచ్చు. తెల్ల ఉల్లితో కష్టం; ముడుచుకున్నా కంటికి ఆనదు. సాఫ్రనిన్‌తో రంగు వేద్దామనుకుంటే ప్రయోగం అక్కడితో సరి, ఎందుకంటే రంగు బాగా పట్టే సరికి కణం చచ్చిపోయుంటుంది, చచ్చిన కణం ముడుచుకోదు.

ముందు చక్కెర ద్రావణం. 1 మోలార్ సుక్రోజ్ అంటే 100 మి.లీ.లో 34.2 గ్రాములు. వంటింటి పంచదార చాలు, అది దాదాపు శుద్ధ సుక్రోజే. 34.2 గ్రాముల్ని 60 మి.లీ. నీళ్లలో పూర్తిగా కరిగించి, తర్వాత కొలజాడీలో 100 మి.లీ. గీత వరకు నీళ్లు పోయాలి. నేరుగా 100 మి.లీ. నీళ్లలో వేస్తే మొత్తం 120 మి.లీ. దాటుతుంది, గాఢత 0.82 దగ్గరే ఆగిపోతుంది. రికార్డులో 1 అని రాస్తారు, లెక్క మొత్తం ఆ మేరకు తప్పు. చక్కెర నీళ్లు మర్నాటికి బూజు పడతాయి, ఏ రోజుకారోజు కలుపుకోండి.

ఆకును ఊదా వైపు పైకి ఉండేలా పట్టుకుని, అడ్డంగా విరిచి, విరిగిన అంచును ఏటవాలుగా లాగండి. అంచు వెంట ఊదారంగు పల్చటి పొట్టు వస్తుంది. ఆకుపచ్చ అంటుకుని ఉంటే ఆ చోటు మందం, అక్కడ కోయొద్దు. అర సెంటీమీటరు ముక్క కోసి వెంటనే నీటిచుక్కలో వేయండి. అరచేతిలో పెట్టుకుని మాట్లాడుతూ కూర్చుంటే స్లైడు ఎక్కకముందే ఎండుతుంది. మడత పడకుండా సూదితో పరిచి, కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి వాల్చండి, బుడగలు రావు. ముందు 10 రెట్ల కటకంతో, తర్వాత 40 రెట్ల కటకంతో చూడండి. ఊదా కణాలు గోడ నుంచి గోడ దాకా నిండుగా ఉండాలి. నీళ్లలోనే కొన్ని రంగు లేకుండా ఖాళీగా కనిపిస్తే అవి పొట్టు తీసేటప్పుడు తెగినవి. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇప్పుడు స్లైడు కదపకుండా కవర్ స్లిప్ ఒక పక్కన 1 మోలార్ చక్కెర ద్రావణం ఒక చుక్క వేసి, రెండో పక్కన ఫిల్టర్ కాగితం ముక్క ఆనించండి. కాగితం నీళ్లు పీలుస్తుంటే చక్కెర లోపలికి వస్తుంది. రెండు మూడుసార్లు చేయాలి, ఒక్క చుక్కతో నీళ్లు పూర్తిగా మారవు. కన్ను కటకం మీదే ఉంచండి. ముందు కణం మూలలు గుండ్రబడతాయి. ఊదా ముద్ద ఒక మూల నుంచి వెనక్కి జరుగుతుంది, తర్వాత ఇంకో మూల. 5–10 నిమిషాల్లో గడి అలాగే ఉండి మధ్యలో ఊదా ఉండ మిగులుతుంది. ఆ ఉండ అంచే త్వచం ఉన్న చోటు. కొన్ని కణాల్లో ఉండ నుంచి గోడకు సన్నటి పోగులు లాగినట్టు కనిపిస్తాయి, వెలుతురు కాస్త తగ్గించి ఫోకస్ అటూ ఇటూ తిప్పితే దొరుకుతాయి. అవి హెక్టియన్ పోగులు, త్వచం గోడను పూర్తిగా వదల్లేదనడానికి గుర్తు.

గోడకు, ఉండకు మధ్య ఖాళీలో ఏముంది? వైవాలో దీన్ని అడగని ఎగ్జామినర్ తక్కువ. ‘గాలి’ అన్నది తప్పు, ‘ఏమీ లేదు’ అన్నది ఇంకా తప్పు. అక్కడున్నది మీరు వేసిన చక్కెర ద్రావణమే. కణకవచం దేన్నీ పెద్దగా ఆపదు, చక్కెర అందులోంచి దర్జాగా వెళ్తుంది. ఆగేది త్వచం దగ్గర. గోడకు, త్వచానికి ఉన్న తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా కనపడదు.

తర్వాత అదే పద్ధతిలో నీళ్లు పంపితే ఉండ ఉబ్బి గడి మళ్లీ నిండుతుంది. ఇది తిరిగి జరిగిందంటే త్వచం బతికే ఉంది. 10–15 నిమిషాల లోపే చేయండి. అధికగాఢతలో అరగంట పైగా వదిలేసినా, నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించినా చాలా కణాలు కోలుకోవు.

చంపిన కణాల పోలిక కోసం ఇంకో పొట్టు ముక్కను మరిగే నీళ్లలో 2 నిమిషాలు వేసి తీయండి. రంగు చాలావరకు పోతుంది. చక్కెర పంపినా ఉండ కట్టదు. చక్కెరా అదే, గోడా అదే, మారిందల్లా త్వచం.

మాగాయ పెట్టేవాళ్లకు ఇది కొత్త కాదు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది, ముక్క వాడుతుంది. కాకరకాయకు ఉప్పు రాసి పిండటమూ ఇదే. మొదట ద్రవాభిసరణంతో, అంటే ద్రావితం ఎక్కువున్న వైపుకు త్వచం దాటి, నీళ్లు బయటికి వస్తాయి. ఊటలో నానుతున్న కొద్దీ కణాలు చచ్చి, త్వచాలు పాడై, అప్పుడు ఉప్పు, కారం లోపలిదాకా వెళ్తాయి. బతికున్న కణాలున్నంతసేపు ముక్క లోపల ఊరదు.

కణరసం గాఢత లెక్క కట్టడం

1 మోలార్ ద్రావణం నుంచి మెట్లు తయారు చేసుకోండి. 0.1కి 1 మి.లీ. ద్రావణం, 9 మి.లీ. నీళ్లు, 0.2కి 2, 8, అలా 0.6 వరకు. వాచ్ గ్లాసుల్లో పోసి, ఒక్కోదాంట్లో పొట్టు ముక్క పూర్తిగా మునిగేలా వేసి అరగంట ఉంచండి. తేలితే పైభాగానికి ద్రావణం తగలదు. స్లైడు మీద పెట్టేటప్పుడు నీటిచుక్కలో కాదు, ఏ గాఢతలో ఉందో ఆ ద్రావణపు చుక్కలోనే పెట్టాలి. నీళ్లలో పెడితే అరగంట చేసిన పని అర నిమిషంలో తిరగబడుతుంది.

ఒక్కో ముక్కలో మూడు చోట్ల, మొత్తం వంద కణాలైనా లెక్కపెట్టండి. మూల కాస్త వదిలినా ‘ముడుచుకుంది’ కిందే లెక్క. సరిగ్గా సగం కణాలు ముడుచుకునే గాఢత కావాలి, రిక్తికలోని కణరసం గాఢత దాదాపు దానికి సమానం. నేరుగా రాకపోతే గ్రాఫు గీసి 50 శాతం దగ్గర చదవండి. అది 0.3 మోలార్ వచ్చిందనుకుందాం. గది 27 డిగ్రీలు అంటే 300 కెల్విన్. ద్రవాభిసరణ పీడనం = గాఢత × వాయు స్థిరాంకం × కెల్విన్ ఉష్ణోగ్రత = 0.3 × 0.0831 × 300 = సుమారు 7.5 బార్లు. మామూలు వాతావరణ పీడనానికి ఏడున్నర రెట్లు. ఒక ఆకు కణం లోపల ఇంత సత్తా ఉందని అంకె చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు.

చక్కెర బదులు ఉప్పు వాడితే లెక్క మారుతుంది. నీళ్లలో ఉప్పు సోడియం, క్లోరైడ్‌గా విడిపోతుంది, కాబట్టి అదే మోలారిటీకి ప్రభావం దాదాపు రెట్టింపు. ఆసుపత్రిలో ఎక్కించే 0.9 శాతం సెలైన్ సుమారు 0.15 మోలార్ మాత్రమే, అయినా రక్తకణాలకు సమగాఢత. అదే చోట ఉత్త నీళ్లు ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి. మొక్క కణం పగలదు, గోడ అడ్డు పడుతుంది.

ఓపికుంటే ఉల్లిపొరతో ఇంకో మెట్టు. చక్కెర బదులు 1 మోలార్ యూరియా (100 మి.లీ.లో 6 గ్రాములు). కణం ముందు ముడుచుకుంటుంది. తర్వాత నీళ్లు పంపకుండానే, ఆ ద్రావణంలోనే మెల్లగా తిరిగి ఉబ్బడం మొదలవుతుంది. చక్కెరలో ఇలా జరగదు. యూరియా అణువు చిన్నది, త్వచాన్ని నెమ్మదిగా దాటి లోపలికి చేరుతుంది, దాని వెంట నీళ్లూ వెళ్తాయి. ‘పాక్షిక పారగమ్యం’ అనే పుస్తకాల మాట కంటే ‘వరణాత్మక పారగమ్యం’ ఎందుకు సరైనదో ఇక్కడ తెలుస్తుంది. త్వచం నీళ్లను వదిలి మిగతా అన్నిటినీ ఆపే జల్లెడ కాదు. ఒక్కోదాన్ని ఒక్కో వేగంతో వదులుతుంది. వేగం కణాన్ని బట్టి మారుతుంది కాబట్టి గంటైనా ఓపిక పట్టి, కవర్ స్లిప్ అంచులు ఎండకుండా అప్పుడప్పుడు యూరియా చుక్క వేస్తుండండి.

గుడ్డుతో జాగ్రత్త

వెనిగర్‌లో గుడ్డు నానబెట్టి పెంకు కరిగించి, చక్కెర పాకంలో ముడుచుకోవడం, నీళ్లలో ఉబ్బడం చూపించడం సైన్స్ ఫెయిర్లలో బాగా నడుస్తుంది. ద్రవాభిసరణం చూపడానికి భేషుగ్గా పనికొస్తుంది. అయితే అక్కడ పని చేసేది కణత్వచం కాదు. పెంకు కింది ఆ పొర ప్రోటీన్ పోగుల అల్లిక. ఫాస్ఫోలిపిడ్ల రెండు వరసలు దాన్లో లేవు, చూసేందుకు కంటికి ఆనేంత మందం. సెలోఫేన్ గొట్టం కూడా అంతే. చార్టు మీద ‘గుడ్డు కణత్వచం’ అని రాస్తే జడ్జి దగ్గర దొరికిపోతారు. ‘త్వచంలా ప్రవర్తించే నమూనా’ అని రాయండి.

బొమ్మ గీసేటప్పుడు, వైవాలో

బొమ్మలో రెండు వరసల తలలూ బయటికి, తోకలు ఎదురెదురుగా రావాలి. ఒక్కో తలకు రెండు తోకలు. ఒకటే గీసి సరిపెట్టొద్దు. కార్బోహైడ్రేట్ గొలుసులు బయటి వైపే ఉంటాయి, కణద్రవ్యం వైపు గీస్తే మార్కు పోతుంది. కొన్ని ప్రోటీన్లు రెండు వరసల్నీ చీల్చుకుని ఇటునుంచి అటు దాకా ఉండాలి, కొన్ని అంచుకు అతుక్కుని ఉండాలి. కొలెస్ట్రాల్ జంతుకణానికి వేయండి. మొక్క కణం బొమ్మలో దాన్ని ప్రధానంగా చూపించొద్దు, అక్కడ ఆ పని ఎక్కువగా వేరే స్టెరాల్స్‌ది.

‘ద్రవ’ అని ఎందుకంటారు అని అడిగితే 1970 నాటి ఫ్రై, ఎడిడిన్ ప్రయోగం చెప్పండి. ఎలుక కణాన్ని, మనిషి కణాన్ని కలిపేసి, రెండింటి ప్రోటీన్లకు వేర్వేరు రంగుల గుర్తులు పెట్టారు. మొదట సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. 37 డిగ్రీల దగ్గర సుమారు 40 నిమిషాల్లో రెండూ కలిసిపోయాయి. చలిలో పెడితే కలవలేదు. లిపిడ్లు తమ వరసలో పక్కలకు చకచకా జరుగుతాయి, ఒక వరస నుంచి ఇంకో వరసకు పల్టీ కొట్టడం మాత్రం అరుదు.

‘నీరు ఎక్కువ గాఢత నుంచి తక్కువకు పోతుంది’ అని ఊరికే అనేస్తే పప్పులో కాలేసినట్టే. దేని గాఢత? నీరు ఎక్కువగా ఉన్న వైపు నుంచి, అంటే ద్రావితం తక్కువగా ఉన్న వైపు నుంచి, ద్రావితం ఎక్కువగా ఉన్న వైపు పోతుంది. నీటి శక్మం (వాటర్ పొటెన్షియల్, శుద్ధమైన నీటికి ఇది సున్నా) భాషలో చెప్పగలిగితే ఇంకా మంచిది: ఎక్కువ నుంచి తక్కువకు, అంటే సున్నాకు దగ్గరగా ఉన్న వైపు నుంచి ఎక్కువ రుణాత్మకంగా ఉన్న వైపు.

బీట్‌రూట్, రియో ప్రయోగాల్లో కనిపించేదంతా ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు లేని రవాణా. సక్రియా రవాణాకు, అంటే శక్తి ఖర్చుతో జరిగే రవాణాకు ఉదాహరణ అడిగితే వీటిని చెప్పొద్దు. జంతుకణాల్లోని సోడియం-పొటాషియం పంపు చెప్పండి: ఒక ఏటీపీ ఖర్చుతో 3 సోడియం అయాన్లు బయటికి, 2 పొటాషియం అయాన్లు లోపలికి. 1957లో దీన్ని కనిపెట్టిన యెన్స్ స్కోకు 1997లో నోబెల్ వచ్చింది. ‘3, 2 ఎటువైపు?’ అని తికమక పెడతారు. కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ అన్నది గుర్తుంటే దిశ దానంతటదే వస్తుంది.

పని అయ్యాక స్లైడ్లను గోరువెచ్చని నీళ్లతో వెంటనే కడగండి. చక్కెర ఎండితే కవర్ స్లిప్ అతుక్కుపోయి, లాగినప్పుడు విరుగుతుంది, పైగా తెల్లారేసరికి చీమలు పడతాయి. బీట్‌రూట్ మరకలు తెల్లకోటు మీద పడితే అప్పటికప్పుడు చన్నీళ్లతో ఉతకడమే దారి.